ఫ్లేవర్ టీలు: ఏది కొనాలి, ఏది ఇంట్లోనే కలుపుకోవాలి

నెల్లూరు, ఒంగోలు సూపర్‌మార్కెట్లలో టీ పొడి పెట్టే అర ఇప్పుడు చాలా పొడుగైంది. జెమిని, త్రీ రోజెస్ ప్యాకెట్ల పక్కన లెమన్ గ్రీన్ టీ, తులసి టీ, జాస్మిన్ టీ, ఎర్ల్ గ్రే, కావా, మందార టీ, నీలం రంగు టీ వరసగా ఉంటున్నాయి. ముచ్చటపడి తెచ్చుకుంటాం. కాస్తే చేదుగానో చప్పగానో ఉంటుంది. మిగతాది అల్మరాలో పాతబడిపోతుంది. చాలాసార్లు తప్పు ఆకుది కాదు. పాల టీ కాచే అలవాటుతో దాన్నీ పొయ్యి మీద మరగబెట్టడం మొదటి కారణం, నీళ్లు రెండో కారణం. ఒక్కో రకాన్ని దానికి తగినట్టు కాస్తే ఎట్లా ఉంటుందో, పెట్టిన డబ్బుకు తగినదో కాదో ఇక్కడ రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మన పెరట్లో, మన కూరగాయల బజారులో దొరికే వాసన కోసం పెట్టె కొనక్కర్లేదు. నిమ్మ, అల్లం, యాలకులు, తులసి, పుదీనా, నిమ్మగడ్డి మామూలు టీ ఆకులో ఇంట్లో కలిపితేనే బాగుంటాయి. మనకు దొరకని వాసనకే డబ్బు పెట్టాలి.

ముందు నీళ్లు

కప్పు టీలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు నీళ్లే. బోరు నీళ్లతో కాచిన టీ మీద సన్నటి పొర తేలడం, కప్పు లోపల గోధుమరంగు చార మిగలడం చూసే ఉంటారు. అది పొడిలో మురికి కాదు. నీళ్లలోని కాల్షియం, బైకార్బొనేట్లు టీకి వగరునిచ్చే పాలీఫినాల్స్‌తో కలిసి, గాలి తగిలి కట్టే పొర. పాల టీలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. గ్రీన్ టీలో మాత్రం రంగు లేత పసుపుకు బదులు మట్టిరంగుకు తిరుగుతుంది, వాసన అణగిపోతుంది. అలాంటి నీళ్లను ఐదు నిమిషాలు బాగా మరిగించి, కదపకుండా తేరనిచ్చి, పైనున్నవి మాత్రం వంచుకుంటే గట్టిదనం కొంత తగ్గుతుంది. సముద్రం దగ్గరి బోర్లలో ఉండే ఉప్పదనం మాత్రం ఎంత మరిగించినా పోదు. ఆ నీళ్లతో ఫ్లేవర్ టీ కాయడం దండగ.

క్యాన్ నీళ్లు, ఇంట్లో ఆర్‌వో నీళ్లు వాడేవాళ్లు టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క, ఒకసారి చూసుకోండి. 50 నుంచి 150 మధ్య ఉంటే టీకి బాగా సరిపోతుంది. 20, 30 దగ్గరుంటే టీ పలచగా, కొంచెం పదునుగా తగులుతుంది. మూడు వంతుల ఆర్‌వో నీళ్లకు ఒక వంతు మున్సిపల్ మంచినీళ్లు కలిపి కాచుకుంటే సర్దుకుంటుంది.

కనిగిరి, పొదిలి ప్రాంతాల వాళ్లకు ఇంకో మాట. అక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. టీ మొక్క కూడా నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చి ముదురు ఆకుల్లో దాచుకుంటుంది, ఆకు నానినప్పుడు అది నీళ్లలోకి దిగుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకని చోట కూడా 1.5 మించకూడదని మన దేశ ప్రమాణం. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆ ఊళ్లలో బోరు నీళ్లతో రోజుకు నాలుగైదు కప్పుల చిక్కటి టీ వద్దు. ఆర్‌వో నీళ్లు, లేత ఆకు, తక్కువ పొడి వాడండి.

వేడి, తూకం, టైము

గ్రీన్ టీ చేదెక్కడానికి అసలు కారణం మరిగే నీళ్లు. ఆకులో చేదు, వగరు ఇచ్చే కాటెకిన్లు వేడి పెరిగేకొద్దీ ఎక్కువగా దిగుతాయి. 80 డిగ్రీల దగ్గర తీపి, కమ్మదనం ముందు వస్తాయి. 100 దగ్గర వగరు అన్నిటినీ మింగేస్తుంది. డార్జిలింగ్‌లో 2,000 మీటర్ల ఎత్తున నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి. నెల్లూరు, ఒంగోలు సముద్రమట్టానికి దగ్గర్లోని ఊళ్లు కాబట్టి మన గిన్నెలో నీళ్లు 100 దగ్గరే మరుగుతాయి. పొయ్యి మీంచి దించిన వెంటనే గ్రీన్ టీ ఆకు మీద పోయకూడదు.

థర్మామీటరు అక్కర్లేదు. మూడు కప్పుల మరిగే నీళ్లకు ఒక కప్పు మామూలు తాగే నీళ్లు కలపండి. మన ఊళ్లలో విడి నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి లెక్క 82 డిగ్రీలకు వస్తుంది. ముందు నీళ్లు కలిపి, ఆ తర్వాతే ఆకు వెయ్యండి. ఆకు మీద మరిగే నీళ్లు పోసి పైన చల్లనీళ్లు పోస్తే లాభం లేదు, ఆకు అప్పటికే ఉడికిపోయి ఉంటుంది.

ఆకును చెంచాతో కొలిస్తే తప్పుతుంది. సన్నటి సీటీసీ పొడి, అంటే పాల టీకి వాడే పలుకుల పొడి, తలగొట్టిన టీస్పూనుకు రెండున్నర గ్రాముల దాకా తూగుతుంది. పొడవాటి ఆకు టీ అదే చెంచాలో గ్రాము, గ్రామున్నరే పడుతుంది. పది గ్రాముల్లోపు కూడా సరిగ్గా చూపే చిన్న డిజిటల్ తూకం ఒకటి ఉంటే ఈ గొడవ తీరిపోతుంది. తాగడానికి 200 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు చాలు. గ్రీన్ టీకి రెండు నుంచి రెండున్నర నిమిషాలు, ఆకు రకం బ్లాక్ టీకి మూడు నాలుగు నిమిషాలు. టీ బ్యాగులో ఉండేది సన్నగా నలిగిన ఆకు కాబట్టి త్వరగా దిగుతుంది, రెండు నిమిషాలు దాటనివ్వద్దు. బ్యాగు తీసేటప్పుడు చెంచాకేసి పిండొద్దు, ఆఖర్న దిగేదంతా చేదే.

రెండు కంపెనీల టీలు పోల్చి చూడాలంటే వేరే పద్ధతి ఉంది. టీ రుచి చూసేవాళ్ల కోసం పెట్టిన ఐఎస్‌ఓ 3103 ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లకు 2 గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు. అది తాగడానికి మరీ ఘాటు, కానీ ఆకులో ఏ లోపం ఉన్నా దాచుకోలేదు. తెల్ల కప్పుల్లో పోసి, పక్కన అదే రకం సాదా టీ ఒకటి పెట్టి చూడండి. ఫ్లేవర్ కింద ఆకు మంచిదో కాదో అప్పుడు బయటపడుతుంది. నాసి ఆకును వాసనతో కప్పి అమ్మడం ఈ సరుకులో పెద్ద బెడద. కారం, ఊరగాయ తిన్న నోటితో మాత్రం రుచి చూడొద్దు. ఒక్కో కప్పుకు మధ్య నాలుగు బొరుగులు నమిలి, మంచినీళ్లు పుక్కిలించి చూడండి.

జాస్మిన్ టీ: కొనండి, లేదా మన మల్లెలతో చెయ్యండి

ఫ్లేవర్ టీలన్నిటిలో మాకు బాగా నచ్చినది ఇదే. చైనాలోని ఫుజియన్ రాష్ట్రం ఫుజౌ నగరం దీనికి పేరు. మంచి జాస్మిన్ టీలో ఎసెన్స్ ఉండదు. మధ్యాహ్నం మొగ్గలు కోసి, రాత్రి అవి విచ్చుకునే వేళకు గ్రీన్ టీ ఆకుతో కలిపి ఉంచుతారు. ఆకు వాసనను పీల్చుకుంటుంది. తెల్లవారి పూలు ఏరి, ఆకు ఆరబెట్టి, మళ్లీ కొత్త పూలతో అదే పని చేస్తారు. మంచి సరుకుకు ఇది చాలా విడతలు జరుగుతుంది. అందుకని పొట్లంలో పూరేకులు ఎక్కువ ఉంటే మంచిదని అనుకోవద్దు. వాసన వదిలేసిన పువ్వు అలంకారానికే. ఎసెన్స్ కొట్టినదాన్ని పట్టుకోవడం తేలిక: మొదటి నీళ్లలో గుప్పుమని, రెండోసారి నీళ్లు పోస్తే వాసన పూర్తిగా పోతుంది. పూలతో చేసినది రెండో కప్పులోనూ నిలబడుతుంది.

ఆ టీలో వాడే పువ్వు, ఎండాకాలం సాయంత్రాలు మన బజార్లలో మూరల లెక్కన అమ్మే మల్లె ఒకే జాతివి. కాబట్టి ఇంట్లో చెయ్యొచ్చు. బజారు పూలకు పురుగుమందు కొట్టి ఉంటారు కాబట్టి పెరటి పూలు మాత్రమే వాడండి. 50 గ్రాముల సాదా గ్రీన్ టీ ఆకు, 50 గ్రాముల ముదురు మొగ్గలు తీసుకోండి. లేత పచ్చి మొగ్గ పనికిరాదు, ఆ రాత్రి విచ్చుకునేదే కావాలి. సాయంత్రం ఏడెనిమిదింటికి, మొగ్గ మూతి విప్పుతుండగా, వెడల్పాటి స్టీలు గిన్నెలో ఒక వరస ఆకు, పైన పలచటి నూలుబట్ట, దాని మీద ఒక వరస పూలు, మళ్లీ బట్ట, మళ్లీ ఆకు పరచండి. బట్ట ఉంటే పొద్దున పూలు ఏరే పని తప్పుతుంది. మూత వదులుగా పెట్టండి. ఎనిమిది తొమ్మిది గంటలు చాలు. అంతకు మించితే పువ్వు వడలి పసరు వాసన ఇస్తుంది.

చెడిపోయేది ఈ తర్వాతి మెట్టులోనే. పూల తడినంతా ఆకు పీల్చుకుని మెత్తబడి ఉంటుంది. అట్లాగే డబ్బాలో పోస్తే మన తీరప్రాంతపు ఉక్కపోతకు వారంలో బూజు పడుతుంది. మందపాటి బాణలిని సన్నటి మంట మీద వేడిచేసి, చెయ్యి ఆనించగలిగేంత వేడి ఉన్నప్పుడు దించి, ఆకు పలచగా పరిచి కలుపుతూ ఉండండి. చల్లారితే మళ్లీ వేడిచేయండి. ఆకు వేళ్ల మధ్య నలిపితే గరగరమని విరగాలి. మంట ఎక్కువైతే పీల్చుకున్న వాసన ఆవిరైపోయి, మాడిన వాసన మిగులుతుంది. ఎండలో ఆరబెట్టొద్దు, ఎండకు ఆకు రంగు, వాసన రెండూ పోతాయి. కనీసం మూడు రాత్రులు కొత్త పూలతో ఇట్లా చేస్తేనే కప్పులో మల్లె తెలుస్తుంది. ఒక రాత్రితో ఆపితే డబ్బా మూత తీసినప్పుడు వాసన ఉంటుంది, నీళ్లు పోశాక ఉండదు. ఈ ఓపిక లేకపోతే మంచి పొట్లం కొనుక్కోవడమే మేలు.

మిగతా రకాలు

ఎర్ల్ గ్రే కొనాల్సిన జాబితాలో రెండోది. బెర్గమోట్ అనే నారింజ జాతి పండు తొక్క నూనెతో వాసన పట్టించిన బ్లాక్ టీ ఇది. ఆ పండు ఎక్కువగా ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో పండుతుంది, దానికి బదులుగా వాడగలిగే పండు మన దగ్గర లేదు. 95 డిగ్రీలు దాటిన నీళ్లు, మూడున్నర నిమిషాలు, మూత పెట్టి. పొయ్యి మీద మరిగిస్తే నూనె ఎగిరిపోయి మామూలు డికాషన్ మిగులుతుంది. పొడి ఆకు వాసన చూసినప్పుడు సబ్బు గుర్తొస్తే ఎసెన్స్ ఎక్కువైందని అర్థం. దీనిలో నిమ్మరసం పిండొద్దు, ఒక పులుపు వాసన ఇంకోదాన్ని చంపేస్తుంది. ఒక చెంచా పాలు మాత్రం ఇముడుతాయి.

లెమన్ టీ పెట్టె కొనడం గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు దొరికే చోట అసలు అర్థం లేని ఖర్చు. సాదా బ్లాక్ టీ గానీ గ్రీన్ టీ గానీ వడగట్టాక, 150 మిల్లీలీటర్లకు ఒక టీస్పూను రసం పిండండి. ఆకు ఉండగా పిండితే వగరు, పులుపు కలిసి నోరు పట్టేస్తాయి. వాసన రసంలో తక్కువ, తొక్కలో ఎక్కువ. అందుకని పండిన కాయ పైతొక్కను, తెల్లపొర రాకుండా, సన్నటి తురుముపీటతో పావు టీస్పూను గీకి, ఒక్క నిమిషం నాననిచ్చి తీసెయ్యండి. రసం పడగానే బ్లాక్ టీ రంగు తేలిపోవడం పులుపు వల్ల జరిగే మార్పు, టీ పలచబడిందని కాదు.

మందార టీ అని అమ్మే పెట్టెలో పెరటి మందార ఉండదు. ఎర్ర గోంగూర మొక్క కాయ చుట్టూ ఉండే కండపట్టిన ఎర్ర రేకలు ఎండబెట్టినవి అవి. గోంగూర వేసుకునే రైతు దగ్గర చేను కాయ పట్టే దాకా ఉంటే ఆ రేకలు వలుచుకుని, నీడన ఎండబెట్టుకోవచ్చు. 200 మిల్లీలీటర్లకు 2 గ్రాములు, మరిగే నీళ్లు, ఐదు నిమిషాలు. బాగా పుల్లగా ఉంటుంది, కొంచెం బెల్లం ఇష్టపడుతుంది. అల్యూమినియం గిన్నెలో కాయొద్దు, పులుపు లోహాన్ని తింటుంది. పాలు పోస్తే విరిగిపోతాయి. బీపీ మాత్రలు వాడేవాళ్లు రోజూ తాగాలనుకుంటే డాక్టర్‌ని అడగండి, ఇది రక్తపోటును తగ్గించగలదు.

నీలం టీకి శంఖుపుష్పం వాడతారు. కంచె మీద పాకే తీగ అది. ఆరు ఎండుపూలకు 200 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, ఐదు నిమిషాలు. నాలుగు చుక్కల నిమ్మరసం పడగానే నీలం ఊదాకు తిరగడం పిల్లలకు భలే ఇష్టం. రుచి మాత్రం దాదాపు లేదు. డబ్బు పెట్టి కొనేది రంగునే. రెండు నిమ్మగడ్డి ఆకులు తుంచి వేసుకుంటే తాగబుద్ధవుతుంది. నిమ్మగడ్డి ఒక్కటే ఈ జాబితాలో నాలుగైదు నిమిషాలు ధైర్యంగా మరిగించగల ఆకు. తులసి, పుదీనా అట్లా కాదు. పొయ్యి కట్టేశాక కప్పుకు ఆరేడు ఆకులు నలిపి వేసి, మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలెయ్యాలి.

కశ్మీరీ కావా పొట్లాల మీద రాసే పద్ధతి చాలావాటిలో అన్నీ కలిపి మరిగించమనే ఉంటుంది. అట్లా చేస్తే గ్రీన్ టీ ఉడికిపోతుంది. రెండు కప్పుల నీళ్లలో రెండు యాలకులు, చిన్న దాల్చిన చెక్క ముక్క ఐదు నిమిషాలు కాచి, దించి, రెండు నిమిషాలు ఆరనిచ్చి, నాలుగైదు కుంకుమపువ్వు రేకలు, ఒకటిన్నర గ్రాముల గ్రీన్ టీ వేసి రెండు నిమిషాలకు వడగట్టండి. పైన సన్నగా తరిగిన బాదం. విడివిడిగా కొని కలుపుకుంటే కుంకుమపువ్వు ఎంత పడిందో మన కళ్ల ముందే ఉంటుంది.

ఇన్‌స్టంట్ ప్రీమిక్స్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పదార్థాల పట్టికలో బరువు ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. అక్కడ మొదటి మాట చక్కెర అయితే మీరు కొంటున్నది చక్కెరే.

యాలకుల టీ, మసాలా టీ

యాలకుల ఫ్లేవర్ అని వచ్చే పాల టీ పొడులతో వచ్చే ఫిర్యాదు ఒకటే: ప్యాకెట్‌లో ఉన్న వాసన కప్పులో లేదు. ముందే పొడి వేసి పది నిమిషాలు మరిగిస్తే ఉండదు. పాలు, నీళ్లు ముందు కాచి, చివర్లో పొడి వేసి, ఒక్క పొంగు రానిచ్చి కట్టేసి, నాలుగు నిమిషాలు మూత పెడితే వాసన నిలుస్తుంది. అయినా అప్పుడే దంచిన యాలకు ముందు అది నిలబడదు.

అల్లం టీలో పాలు విరగడం పాల తప్పు కాకపోవచ్చు. పచ్చి అల్లంలో ప్రొటీన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది. పాలలో నేరుగా పచ్చి అల్లం వేసి నెమ్మదిగా వేడిచేస్తే అది పని మొదలుపెడుతుంది. రెండు కప్పులకు 200 మిల్లీలీటర్ల నీళ్లలో 5 గ్రాముల అల్లం దంచి వేసి మూడు నిమిషాలు తెర్లనివ్వండి, ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. తర్వాత 5 గ్రాముల టీ పొడి వేసి సన్నమంట మీద రెండు నిమిషాలు, ఆపైన కాచిన పాలు 150 మిల్లీలీటర్లు పోసి రెండు పొంగులు. యాలకు రెండో పొంగు తర్వాత. బెల్లం వేసేవాళ్లు పొయ్యి కట్టేసి, టీ వడగట్టాకే వెయ్యండి. మరిగే పాలలో వేస్తే విరిగే ప్రమాదం ఉంది. పాలు చిక్కగా, కొవ్వు ఆరు శాతం ఉన్నవైతే మసాలా ఘాటు అణిగిపోతుంది, అల్లం కొంచెం పెంచుకోవాలి.

మసాలా పొడి కొనడం కంటే చేసుకోవడం మేలు. శొంఠి 30 గ్రాములు, యాలకులు 20, మిరియాలు 15, దాల్చిన చెక్క 15, సోంపు 15, లవంగాలు 5. లవంగం ఇంతకు మించితే నాలుక మొద్దుబారుతుంది. మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, జారు వేడెక్కితే వాసన గాల్లో కలుస్తుంది. మరీ మెత్తగా పట్టకండి, కప్పు అడుగున మడ్డి దిగుతుంది. రెండు కప్పులకు పావు టీస్పూను. నెలకు సరిపడా మాత్రమే చేసుకోండి.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

విడిగా అమ్మే పొడి తెచ్చుకుంటే కల్తీ చూసుకోవాలి. తడి చేసిన ఫిల్టర్ కాగితం మీద చిటికెడు పొడి చల్లి కాసేపాగి కడిగి, వెలుతురుకు పెట్టి చూడండి. రంగు కలిపిన పొడి అయితే కాగితం మీద వెంటనే మరకలు పడతాయి. అయస్కాంతం పొడి మీద తిప్పితే ఇనుప రజను ఉంటే అంటుకుంటుంది. బ్యాగుల్లో పిన్ను కొట్టినవి వద్దు. నైలాన్ పిరమిడ్ బ్యాగుల కంటే విడి ఆకు మంచిది. అలాంటి ప్లాస్టిక్ బ్యాగులు వేడి నీళ్లలో కంటికి కనపడనంత సన్నటి ప్లాస్టిక్ రేణువులు వదులుతాయని 2019లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. ధర చూసేటప్పుడు పెట్టె ధర కాదు, గ్రాము ధర లెక్కేయండి. ఒక్కో బ్యాగులో గ్రామున్నర ఉంటే 25 బ్యాగుల పెట్టెలో ఆకు 37.5 గ్రాములే.

టీ ఆకు తేమను, పక్కనున్న వాసనను రెండిటినీ పీలుస్తుంది. ఇంగువ, కరివేపాకు పొడి, ఎండుచేపలు ఉన్న అరలో పెట్టకండి. ఎర్ల్ గ్రేకి వేరే డబ్బా, వేరే చెంచా ఉండాలి. గట్టి మూత ఉన్న చిన్న స్టీలు డబ్బా గాజుసీసా కంటే నయం, వెలుతురు తగలదు. ఫ్రిజ్‌లో పెట్టిన డబ్బాను బయటికి తీసి వెంటనే తెరిస్తే లోపల తడి చేరుతుంది, గంట ఆగి తెరవండి. ఒకసారి తెరిచిన ఫ్లేవర్ టీని మూడు నాలుగు నెలల్లో తాగేయాలి.

ఎండాకాలానికి చల్లటి టీ. మరిగించి చేసి ఫ్రిజ్‌లో పెడితే చల్లారాక మబ్బుగా మారుతుంది. కెఫీన్, వగరునిచ్చే టానిన్లు కలిసి ముద్దకట్టడం వల్ల అది. మరిగే నీళ్లు కొద్దిగా పోస్తే తేటపడుతుంది. దానికంటే చల్లనీళ్లలోనే నానబెట్టడం మంచిది: లీటరు తాగే నీళ్లకు 8 గ్రాముల జాస్మిన్ టీ గానీ గ్రీన్ టీ గానీ వేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఆరు గంటలు. చేదు దాదాపు ఉండదు, మబ్బు కట్టదు. రోహిణి కార్తె ఎండలో సీసా పెట్టి నానబెట్టే పద్ధతి మాత్రం వద్దు. ఆ గోరువెచ్చటి వేడి సూక్ష్మజీవులు పెరగడానికి సరిగ్గా సరిపోతుంది. వడగట్టిన చల్లటి టీని ఒక రోజులో తాగేయండి. నిమ్మరసం గ్లాసులో పోసుకునేటప్పుడే పిండుకోండి.